మ్యాజిక్ నేర్చుకోవడానికి ఏ పుస్తకం?

ప్రశ్న: బిలాస్‌పూర్ రైల్వేలో ఉద్యోగం. పదకొండేళ్ల మా అబ్బాయికి మ్యాజిక్ అంటే పిచ్చి. ఏ పుస్తకం కొనమంటారు?
– ఒక పాఠకుడు, మస్తూరీ

జవాబు: ముందు మార్క్ విల్సన్ ‘కంప్లీట్ కోర్స్ ఇన్ మ్యాజిక్’ (1975) కొనండి. పేకముక్కలు, నాణేలు, తాళ్లు, రుమాళ్లు అన్నిటితో చేసే ఆటలూ అందులో ఉన్నాయి. అడుగడుగునా బొమ్మలుంటాయి కాబట్టి ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినా ఫర్వాలేదు.

బాబు మనసు ఎటు మొగ్గుతుందో చూశాకే రెండో పుస్తకం. పేకముక్కలైతే హ్యూగార్డ్, బ్రౌ రాసిన ‘రాయల్ రోడ్ టు కార్డ్ మ్యాజిక్’. నాణేలైతే బోబో ‘మోడర్న్ కాయిన్ మ్యాజిక్’ (1952). అందులో వాడే అర డాలరు 30 మిల్లీమీటర్లు దాటుతుంది. మన పది రూపాయల బిళ్ల 27. చిన్న చేతులకు అదే నయం.

పుస్తకమంతా పూర్తిచేయాలని తొందరపెట్టకండి. అద్దం ముందు నాలుగు ఆటల్లో చేయి తిరిగితే చాలు, చుట్టాల ముందు ధైర్యంగా నిలబడతాడు.