త్రాడు పట్టినవారు

ఈ మాసపు వాక్య పాఠము

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 9:23–25, ప్రసంగి 4:9–12, లూకా 14:28–30, లూకా 13:1–5, మార్కు 9:2–29



ధవళేశ్వరము ఆనకట్ట దాటి సముద్రము వైపు వచ్చినకొలది మన నేలలో కొండ యన్నది కంటికి అరుదు. వరిచేలు, కొబ్బరితోటలు, కాలువ గట్లు. వీటికి మించిన ఎత్తు ఏదైన నున్నయెడల అది గుడి గోపురమో తాడిచెట్టో అయియుండును. కొండ చూడవలెనన్న మనము లాంచీ ఎక్కి పాపికొండల వైపు పోవలెను. కాబట్టి సీనాయి అనియు, నెబో అనియు, కర్మెలు అనియు గుడిలో చదువునప్పుడు అవి మనకు దూరపు సంగతులుగా తోచును.

అయితే తాడిచెట్టు ఎక్కువానిని మనమందరము చూచియున్నాము. నడుమునకు, చెట్టునకు కలిపి మోకు వేసికొని, అడుగు మీద అడుగు పైకి పోవును. తాడి యెక్కువానిని ఎంతవరకు ఎగసన ద్రోయగలరని మన పెద్దలు చెప్పు సామెత యున్నది. అది నిజమే. క్రింద నిలిచి త్రోయువాని సాయము చేయి అందునంత వరకే. కాని మోకు అట్లు కాదు. అది అతనితో మట్ట వరకు పోవును, అతనితోనే దిగి వచ్చును. ఆ మోకును పేనినవాడు ఎవడో చూచువారెవ్వరును అడుగరు.

దమస్కులో పౌలును చంపుటకు శత్రువులు గవినుల యొద్ద కాచియున్నప్పుడు, శిష్యులు రాత్రివేళ అతనిని గంపలో ఉంచి గోడ మీదనుండి దింపిరి. ఆ తరువాత పౌలు ఎన్ని దేశములు తిరిగెనో, ఎన్ని పత్రికలు వ్రాసెనో మనము ఎరుగుదుము. గంపను పట్టి దింపినవారి పేర్లు మాత్రము అక్కడ వ్రాయబడలేదు. వారి చేతులు జారియుండినయెడల ఆ ప్రయాణములు లేవు, ఆ పత్రికలును లేవు. మన పాఠము ఇట్టివారిని గూర్చినది. దీనిని గ్రహించుటకై మన తెలుగు నేలనుండి పరదేశము వెళ్లి మహా పర్వతములను ఎక్కినవారి సంగతి కొంత ఆలోచింతము.

1. ఇద్దరు పిల్లలు

2014వ సంవత్సరము మే 25వ తేదీ ఉదయమున ఇద్దరు తెలుగు పిల్లలు ఎవరెస్టు శిఖరము మీద నిలిచిరి. ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రములుగా విడిపోవుటకు అప్పటికి ఇంక ఎనిమిది దినములే యున్నవి. ఒకరు మాలావత్ పూర్ణ, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయ కూలీల కుమార్తె. ఆమె వయస్సు అప్పటికి పదమూడు సంవత్సరముల పదకొండు నెలలు. అంత చిన్న వయస్సులో ఆ శిఖరము నెక్కిన బాలిక అంతకుముందు లేదు. రెండవవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్, సైకిళ్లు బాగుచేయువాని కుమారుడు. అతని ఊరు చర్ల మండలములోనిది. ఆ మండలము గోదావరి ఒడ్డుననే యున్నది. అక్కడ పారిన నీరే భద్రాచలము దాటి, పాపికొండల నడుమనుండి వచ్చి, మన కాలువలలో పారుచున్నది.

వీరిద్దరును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలలో చదువుకొన్నవారు. ఒక దినమున లేచి ఎవరెస్టుకు పోయినవారు కారు. మొదట భువనగిరి బండ మీద ఎక్కుట నేర్చిరి. నూరుమందికి పైగా పిల్లలలోనుండి ఏరబడి, డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు పంపబడిరి. 1953లో టెన్సింగు, హిల్లరీ మొదటిసారి ఎవరెస్టు నెక్కిన తరువాత, 1954లో స్థాపింపబడిన సంస్థ అది. ఆ పిమ్మట చలికి అలవాటు పడుటకు లద్దాఖ్‌లో ఉండిరి. శేఖర్ బాబు అను శిక్షకుడు నేర్పెను. గురుకులముల కార్యదర్శిగా నున్న ప్రవీణ్ కుమార్ అను అధికారి, బీదల పిల్లలు ఇది చేయగలరని నమ్మి పంపెను.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా 14లో బోధించెను. విశ్వాసమనగా లెక్క చూడకుండుట కాదు. ఆ పిల్లల ధైర్యమును మనము మెచ్చుకొందుము. మెచ్చుకొనవలసినదే. అయితే ఆ ధైర్యము వెనుక నెలల తరబడి సాధన యున్నది, నేర్పిన గురువున్నాడు, భయమును దిగమ్రింగి బిడ్డను పంపిన తల్లి యున్నది. త్రాడు భువనగిరిలోనే మొదలైనది.

2. మంచులో కట్టిన త్రాడు

ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లు. 2020లో మరల కొలిచి, దానికి 86 సెంటీమీటర్లు కలిపి ప్రకటించిరి. అంత ఎత్తున గాలి పలుచన. మన ఊరిలో ఒక్క ఊపిరికి అందు ప్రాణవాయువులో మూడవ వంతు మాత్రమే అక్కడ అందును. అందుచేత ఎక్కువారిలో మిక్కిలిమంది ప్రాణవాయువు నింపిన సీసాలను వీపున మోసికొని పోవుదురు. దారి పొడుగున మంచులోను బండలోను మేకులు దిగగొట్టి త్రాడు కట్టియుందురు. ఎక్కువాడు తన నడికట్టును కొక్కెముతో ఆ త్రాటికి తగిలించుకొని నడచును. కాలు జారినను త్రాడు ఆపును.

ఆ త్రాడు దానంతట అది అక్కడికి రాలేదు. నేపాలు వైపున ముందుగా పోయి దానిని కట్టువారు, గుడారములను, ఆహారమును, సీసాలను మోయువారు ముఖ్యముగా షెర్పాలు. పూర్ణ, ఆనంద్ ఉత్తరమున టిబెట్టు వైపునుండి ఎక్కిరి. ఆ సంవత్సరమే ఏప్రిల్ 18న దక్షిణమున నేపాలు వైపున మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ పనివారు మరణించిరి. వారు తమ పేరు కొరకు ఎక్కుచున్నవారు కారు. ఇతరులు ఎక్కుటకై పని చేయుచున్నవారు. వారికిని ఇంట భార్యాబిడ్డలుండిరి.

మనకిది క్రొత్త సంగతి కాదు. ధవళేశ్వరము ఆనకట్ట అనగానే కాటన్ దొరగారి పేరు చెప్పుదుము. అది న్యాయమే. 1847 మొదలు 1852 వరకు ఆ ఏటిలో రాళ్లు మోసిన వేలాదిమంది పేర్లు ఎవరు చెప్పగలరు? వారు మోసిన రాళ్ల వలననే నేడు మన కంచములో అన్నమున్నది.

ఇక్కడ సోమర్వెల్ అను ఇంగ్లీషు వైద్యుని జ్ఞాపకము చేసికొందము. ఆయన 1922లో ఎవరెస్టు నెక్కబోయిన దండులోనివాడు. ఆ సంవత్సరము జూన్ 7న మంచు జారిపడి, బరువులు మోయువారు ఏడుగురు చనిపోయిరి. దొరలలో ఒక్కడును చావలేదు. తమలో ఒకడైనను వారితో కూడ చనిపోయియుండిన బాగుండెడిదని సోమర్వెల్ మిగుల దుఃఖించెను.

రెండు సంవత్సరములకు, 1924లో, ఆయన మరల వెళ్లెను. నలుగురు మోతవారు పైన మంచు కనుమలో చిక్కుపడిరి. సోమర్వెల్, నార్టన్, మాలొరీ అను ముగ్గురు వారి కొరకు ఎక్కిరి. సోమర్వెల్ నడుమునకు త్రాడు కట్టుకొని ప్రమాదకరమైన మంచు వాలు మీద అడ్డముగా నడిచెను. వారిని చేరుటకు సుమారు పది గజముల దూరములో త్రాడు అయిపోయెను. అప్పుడాయన తన నడుమునుండి త్రాడు విప్పి, మంచు గొడ్డలిని దిగగొట్టి దానికి చుట్టి, ఒక చేత త్రాటి కొన పట్టుకొని, రెండవ చేయి చాచి వారిని పట్టి లాగెను. నలుగురును బ్రదికిరి.

సహోదరులారా, ఆయన ఆ సంవత్సరము శిఖరము చేరలేదు. కొన్ని దినములకు సుమారు 8,500 మీటర్ల యొద్ద ఊపిరాడక నిలిచిపోయెను. నలుగురిని రక్షించుటలో బలము ఖర్చైనది. అయినను ఏది గొప్ప ఎత్తు? శిఖరమా, త్రాడు విప్పి చేయి చాచిన ఆ పది గజములా? ప్రతివాడును తనకు తాను ఉత్తరము చెప్పుకొనవలెను.

3. తిరిగి రానివాడు

నెల్లూరు జిల్లా గాంధీజనసంఘము గ్రామమున పుట్టిన మల్లి మస్తాన్ బాబు పేరు మీలో అనేకులు వినియుందురు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, గొప్ప విద్యాలయములలో పట్టములు పొంది, కొండల కొరకు ఉద్యోగము విడిచెను. 2006వ సంవత్సరమున 172 దినములలో ఏడు ఖండముల ఏడు ఎత్తయిన శిఖరముల నెక్కెను. 2015 మార్చి 24న దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో, అర్జెంటీనా, చిలీ దేశముల సరిహద్దున, ఒక శిఖరమువైపు ఒంటరిగా పోయి తుపానులో చిక్కుకొనెను. స్నేహితులు అనేక దేశములనుండి ప్రయత్నించి వెదకించిరి. ఏప్రిల్ మొదటి వారమున ఆయన దేహము దొరకెను. ఆ నెలలోనే స్వగ్రామమున అంత్యక్రియలు జరిగెను.

ఇట్టి వార్త విన్నప్పుడు మన నోళ్లు త్వరపడును. “ఎవరు పొమ్మనిరి? ఇంట నుండరాదా?” అందుము. సిలోయములో గోపురము కూలి చనిపోయిన పదునెనిమిదిమంది ఇతరులకంటె ఎక్కువ పాపులు కారని ప్రభువు స్పష్టముగా చెప్పెను. ఆ మాట మన నోటికి కళ్లెము. తుపాను నేర్పరిని, నేర్పు లేనివానిని చూచి రాదు. మన యేటిలో పడవ మునిగినప్పుడును, ఉప్పెనలో ఊళ్లు పోయినప్పుడును మనము ఎరుగుదుము గదా.

అయినను ఒక మాట నేర్చుకొనవచ్చును. ప్రసంగి 4లో ఇద్దరి మేలు చెప్పబడినది. ఒకడు పడిన రెండవవాడు లేవనెత్తును. మస్తాన్ బాబు వంటి దృఢగాత్రునికే ఆ చివరి దినమున ప్రక్కన ఒక చేయి లేకపోయెను. బలవంతునికి త్రాడు అక్కరలేదని మనము తలంచరాదు.

4. దిగి వచ్చుట

రూపాంతర పర్వతము మీద పేతురు మూడు పర్ణశాలలు కట్టి అక్కడనే ఉండగోరెను. ప్రభువు దిగి వచ్చెను. కొండ దిగువను వ్యాధితోనున్న కుమారుని పట్టుకొని ఒక తండ్రి నిలిచియుండెను.

సోమర్వెల్‌కును అట్లే జరిగెను. 1922లో కొండ దిగిన తరువాత ఆయన మన దేశము చూచుచు, నేడు కన్యాకుమారి జిల్లాలోనున్న నెయ్యూరు మిషను ఆసుపత్రికి వచ్చెను. రోగులు గుంపులుగా నుండిరి, శస్త్రవైద్యము చేయువారు చాలరు. లండనులో కాచియున్న పెద్ద పని విడిచి అక్కడనే నిలిచిపోయెను. 1949 వరకు నెయ్యూరులోను, ఆ తరువాత 1961 వరకు వేలూరులోను సేవ చేసెను. మన ప్రాంతపు రోగులు నేటికిని రైలెక్కి పోవు ఆ వేలూరు క్రైస్తవ వైద్యశాలయే అది. కొండ ఆయనకు లోయను చూపినది.

5. మన చేతిలోని త్రాడు

మనము ఎవరెస్టుకు పోము. కాని మన సంఘములనుండి పరదేశము పోవువారు లేరా? కోనసీమనుండి, నరసాపురపు వైపునుండి ఎందరు తల్లులు కువైటు మొదలైన దేశములకు ఇంటి పనులకు పోవుచున్నారు! అప్పు తీర్చుటకో, కూతురి పెండ్లికో, పెంకుటింటి స్థానమున స్లాబు వేయుటకో పోవుచున్నారు. అది వారు ఎక్కు కొండ. అక్కడను ఊపిరి ఆడని దినములుండును.

నేను ఎరిగిన ఒక సంఘములో ఒక సహోదరి అట్లు బయలుదేరినప్పుడు అందరును కూడి ప్రార్థించిరి, బస్సు వరకు సాగనంపిరి. కానుక వచ్చినప్పుడెల్ల ఆమె పేరు గుడిలో చదివిరి. రెండు సంవత్సరములు ఆమె పిల్లలు ముసలి అమ్మమ్మ యొద్ద ఏమి తినుచున్నారో, బడికి పోవుచున్నారో లేదో అడిగినవారు ముగ్గురు లేరు. పెద్ద కుమారుడు బడి మానివేసిన సంగతి తల్లి తిరిగి వచ్చిన తరువాతనే మాకు తెలిసినది. నేనును ఆ గుడిలో కూర్చున్నవాడనే. మేము ఆమెను ఎగసన ద్రోసితిమి, త్రాడు మాత్రము పట్టలేదు.

కాబట్టి ఈ మాసమున ప్రతి సంఘమును ఒక పని చేయవలెను. మీ ఊరినుండి దూరము పోయినవారి పేర్లు వ్రాసికొనుడి. పరదేశమున పని చేయువారు, పట్టణమున వసతిగృహములో చదువు పిల్లలు, అందరిని వ్రాయుడి. ప్రతి పేరునకు ఎదురుగా, ఆ ఇంటికి వారమునకొకసారి పోవు ఒకరి పేరు వ్రాయుడి. పోయినవారితో ఫోనులో మాటలాడి, డబ్బు సంగతి కాక, ఆరోగ్యము అడుగుడి. కూలివాని బిడ్డ పెద్ద చదువునకు పోదునన్నప్పుడు “మనకెందుకు” అనకుడి. లెక్క చూచి, దారి కనుగొని, పంపుడి. మీ పేరు ఎవ్వరును వ్రాయకపోవచ్చును. దమస్కులో గంప పట్టినవారి పేర్లును వ్రాయబడలేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పౌలును దింపిన శిష్యులు అపాయమును ఎట్లు పంచుకొనిరి?
2. లెక్క చూచుకొనుటకును భయపడి మానుకొనుటకును భేదమేమి?
3. మీ సంఘమునుండి దూరము పోయినవారు ఎందరు? వారి యిండ్లకు కడపట ఎప్పుడు పోతిరి?

ప్రార్థన: ప్రభువా, మేము పంపినవారిని మరచిన మా తప్పు క్షమించుము. మా కొరకు బరువు మోసి పేరు లేకుండ పోయినవారిని మాకు జ్ఞాపకము చేయుము. మా చేతిలోని త్రాడు జారకుండ మాకు బలము దయచేయుము. ఆమేన్.