పంటి స్కాన్ తీయించుకునే ముందు



దోహాలో మీకు జ్ఞానదంతం నొప్పి చేసి డెంటల్ క్లినిక్‌కు వెళ్ళారనుకోండి. డాక్టరు గారు ముందు ఓపీజీ తీస్తారు. అంటే రెండు దవడలూ ఒకే చిత్రంలో పరచినట్టు కనబడే ఎక్స్‌రే. అది చూసి, "త్రీడీ స్కాన్ కూడా కావాలి" అంటారు. వెంటనే మనలో కొందరికి బిల్లు మీద అనుమానం, కొందరికి రేడియేషన్ భయం. ఇంకొందరు మాత్రం పెద్ద మిషను కదా, అన్నీ తేలిపోతాయిలే అని ధైర్యం తెచ్చుకుంటారు.

ఆ స్కాన్ పేరు కోన్ బీమ్ సీటీ. 1990ల చివర ఇటలీ, జపాన్ దేశాల్లో దంతవైద్యానికని రూపొందింది. మిషను మీ తల చుట్టూ తిరుగుతూ తీసిన చిత్రాలను కంప్యూటరు కలిపి దవడ ఆకారాన్ని చూపిస్తుంది. ఓపీజీలో లోతు తెలియదు. కింది దవడ ఎముకలో ఒక నరం వెళ్తుంది. పంటి వేరు దానిమీద పడినట్టు ఓపీజీలో కనబడితే, నిజంగా తాకుతోందో పక్కనుంచి పోతోందో చెప్పలేము. పన్ను తీసేటప్పుడు ఆ నరం దెబ్బతింటే కింది పెదవి, గడ్డం నెలల తరబడి, ఒక్కోసారి ఎప్పటికీ మొద్దుబారిపోవచ్చు. అలాంటప్పుడు డాక్టరు స్కాన్ అడగడం న్యాయమే. ఇంప్లాంటుకు ఎముక చాలుతుందో లేదో చూడడానికీ అది పనికొస్తుంది. పుచ్చు పన్ను కోసమైతే నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రేనే మేలు. లోహపు తొడుగులున్న చోట స్కాన్‌లో చారలు పడి చిత్రం చెడిపోతుంది కూడా.

ఇక రేడియేషన్. చిన్న ఎక్స్‌రేకు కొద్ది మైక్రోసీవర్టులు, ఓపీజీకి సుమారు 10 నుంచి 25, కోన్ బీమ్‌కు పదుల నుంచి కొన్ని వందల వరకు పడుతుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున వచ్చేది దాదాపు 2,400. కాబట్టి హడలిపోనక్కర లేదు, అలాగని ఊరికే తీయించుకునేదీ కాదు. రెండు పళ్ళ కోసం ముఖమంతా తీయనక్కర లేదు, తీసే మేర తగ్గితే మోతాదూ తగ్గుతుంది. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. గర్భవతులైతే ముందే చెప్పండి. సీసపు ఏప్రాన్ వేయలేదని మాత్రం కోప్పడకండి. పంటి ఎక్స్‌రేలకు అది అవసరం లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో చెప్పింది. స్థానిక నియమాలను బట్టి కొన్నిచోట్ల ఇంకా వేస్తారు.

అసలు చిక్కు మిషనులో కాదు, చదివేవారిలో ఉంది. ఖతర్ యూనివర్సిటీలో డెంటల్ కాలేజీ 2019లో గాని రాలేదు. కనుక ఇక్కడ మనం చూసే డాక్టర్లలో ఎక్కువమంది వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో చదివినవారే. కొందరు చదువుకునే నాటికి ఈ స్కాన్ కాలేజీల్లో లేదు. మన దేశంలోనైతే నోటి రేడియాలజీ ఎండీఎస్‌లో ఒక ప్రత్యేక విభాగం. పలు దేశాల్లో దంతవైద్యులను అడిగి చేసిన సర్వేల్లోనూ ఇదే తేలుతుంది: స్కాన్ మీద ఆసక్తి మెండు, శిక్షణ కొరత. ఇది తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఉత్సాహం ముందు నడిచి తెలివిడి వెనకబడడం ఈ వృత్తికి కొత్త కాదు. న్యూ ఆర్లీన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ తొలినాళ్ళలో ఎక్స్‌రేలు తీసి తీసి వేళ్ళు, చివరికి చెయ్యి పోగొట్టుకుని 1928లో కన్నుమూశారు.

పైగా పంటి కోసం తీసిన స్కాన్‌లో సైనస్, దవడ కీలు కూడా పడవచ్చు. పడినదంతా చూసి రిపోర్టు రాయాలనీ, ప్రతి స్కాన్‌కూ తగిన కారణం ఉండాలనీ యూరప్ మార్గదర్శకాలు 2012లోనే చెప్పాయి.

అందుకే మర్యాదగానే అడగండి: "డాక్టరు గారూ, ఇందులో కనబడేదాన్ని బట్టి చికిత్స మారుతుందా? రిపోర్టు ఎవరు రాస్తారు?" తెలిసిన డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. తీయించుకున్నాక కాగితం ప్రింటుతో సరిపెట్టుకోకుండా డైకామ్ ఫైళ్ళు పెన్‌డ్రైవులో ఇమ్మనండి. సెలవుకు ఇంటికి వెళ్ళి గుంటూరులోనో వరంగల్‌లోనో పన్ను తీయించుకోదలిస్తే, అక్కడి డాక్టరు వాటినే తెరిచి చూడవచ్చు, మళ్ళీ స్కాన్ తీసే పని చాలాసార్లు తప్పుతుంది.