దిగులు గుండెను ఎట్లా తాకుతుంది?

"మనసు బాగాలేదు" అంటాం. "గుండె బరువుగా ఉంది" అని కూడా అంటాం. మన మాటల్లో మనసూ గుండే ఒకటే. ఆసుపత్రిలో మాత్రం అట్లా కాదు. గుండెకు ఒక డాక్టరు. మనసుకు ఇంకో డాక్టరు. ఒక గదిలో చెప్పుకున్న బాధ రెండో గదికి చేరదు. కానీ ఒంట్లో ఈ రెండింటికీ దారులు ఉన్నాయి. ఆ దారులు ఏవో ఈ పాఠంలో చదువుదాం.

పంట పోతే దిగులు పడతాం. బిడ్డను అత్తవారింటికి పంపితే దిగులు పడతాం. కొన్నాళ్ళకు అది తగ్గుతుంది. అది జబ్బు కాదు. రెండు వారాలు గడిచినా మనసు చీకటిగానే ఉంటే? ఏ పని మీదా ఇష్టం లేకపోతే? తిండి సయించదు. నిద్ర పట్టదు. "నేను ఎందుకూ పనికిరాను" అనిపిస్తుంది. ఇట్లాంటివి కొన్ని కలిసి వస్తే అది జబ్బే కావచ్చు. దాన్ని కుంగుబాటు అంటారు. డాక్టర్లు డిప్రెషన్ అంటారు. ఆడవాళ్ళలో ఇది మగవాళ్ళ కంటే సుమారు రెండింతలు ఎక్కువ. అయినా ఇంట్లో ఆడమనిషి కుంగితే ఎవరికీ కనిపించదు. ఆమె పొయ్యి వెలిగించడం మానదు కదా!

కెనడా దేశంలో మాంట్రియల్ అనే నగరం ఉంది. అక్కడ నాన్సీ ఫ్రేజర్ స్మిత్ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసేవాళ్ళు ఒక పని చేశారు. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో చేరిన 222 మందితో మాట్లాడారు. మనసు ఎట్లా ఉందని కూడా అడిగారు. వందకు 16 మందికి కుంగుబాటు ఉన్నట్లు తేలింది. ఆరు నెలల తర్వాత లెక్క చూశారు. కుంగుబాటు ఉన్నవాళ్ళలో వందకు 17 మంది చనిపోయారు. లేనివాళ్ళలో వందకు ముగ్గురే చనిపోయారు. గుండె ఎంత దెబ్బతిన్నదో కూడా లెక్కలోకి తీసుకున్నారు. అయినా తేడా పోలేదు. ఈ సంగతి 1993లో ప్రచురించారు.

ఎందుకిట్లా? కుంగిన మనిషి మాత్రలు సరిగా మింగడు. నడవడు. బీడీ మానడు. ఇది నిజమే. కానీ ఇదొక్కటే కాదు. ఒంటి లోపల కూడా కొన్ని పనులు జరుగుతాయి.

బండి తోలే మనిషిని చూడండి. ఒక చేతిలో ముల్లుకర్ర ఉంటుంది. ఇంకో చేతిలో పగ్గం ఉంటుంది. మన గుండెకు కూడా రెండు రకాల నరాలు ఉన్నాయి. ఒక రకం నరాలు ముల్లుకర్ర లాంటివి. గుండెను తొందరపెడతాయి. ఇంకో రకం పగ్గం లాంటివి. గుండెను నిదానంగా ఉంచుతాయి. భయం వేసినప్పుడు ముల్లుకర్ర పని చేయాలి. భయం పోయాక పగ్గం బిగించాలి. కుంగుబాటులో చాలామందికి పగ్గం వదులవుతుంది. పాము కనిపించి పోయినా ముల్లుకర్ర పొడుస్తూనే ఉన్నట్లు ఉంటుంది. దెబ్బతిన్న గుండెకు ఇది మంచిది కాదు. గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది.

పగ్గం పని చేయడం మీరే చూడవచ్చు. ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపున, కుడిచేతి రెండు వేళ్ళు పెట్టండి. నాడి తగులుతుంది. నిదానంగా గాలి పీల్చండి. నాడి కొంచెం తొందరపడుతుంది. నిదానంగా వదలండి. నాడి నెమ్మదిస్తుంది. వయసులో ఉన్నవాళ్ళకు ఇది బాగా తెలుస్తుంది. పెద్దవాళ్ళకు అంతగా తెలియదు. దానికి భయపడొద్దు. మా కేంద్రంలో ఈ పని మొదలుపెట్టాక అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఆ రోజు పాఠం అక్కడే ఆగింది!

రెండో దారి నెత్తురు. డెంగీ జ్వరం వచ్చినప్పుడు "ప్లేట్‌లెట్లు పడిపోయాయి" అంటారు. మీరు వినే ఉంటారు. కొడవలి తగిలి వేలు తెగితే నెత్తురు గడ్డకట్టించేవి ఈ ప్లేట్‌లెట్లే. అవి ఒకదానికొకటి అంటుకుని గండి పూడుస్తాయి. సెరటోనిన్ అనే పదార్థం మన మెదడులో ఉంది. మనసు బాగుండడానికి దానికీ సంబంధం ఉంది. అదే పదార్థం ప్లేట్‌లెట్ల లోపల కూడా ఉంటుంది! కుంగుబాటు ఉన్నవాళ్ళలో ప్లేట్‌లెట్లు కొంచెం తొందరగా అంటుకుంటాయని పరీక్షల్లో చూశారు. గుండెకు నెత్తురు తెచ్చే గొట్టం ముందే సన్నబడి ఉందనుకోండి. అక్కడ చిన్న గడ్డ కట్టినా చాలు, గుండెపోటు వస్తుంది.

ఇంకో సంగతి. మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు గ్రంథులు ఉంటాయి. దిగులు ఎక్కువకాలం ఉంటే కార్టిసాల్ అనే రసాన్ని అవి ఎక్కువగా వదలవచ్చు. దానివల్ల బీపీ, చక్కెర పెరుగుతాయి. రక్తనాళాల లోపల సన్నని వాపు కూడా ఉంటుంది. అది కంటికి కనిపించదు. అయితే ఈ దారి రెండు వైపులా నడుస్తుంది. గుండె జబ్బు వల్ల పుట్టిన వాపు మెదడుకు కబురు పంపి మనసును కుంగదీయగలదు.

అందుకే గుండెపోటు వచ్చి ఇంటికి వచ్చిన మనిషి మూల కూర్చుంటే "అంత పెద్ద జబ్బు వచ్చింది, దిగులుండదా మరి" అని వదిలేయొద్దు. గుండె డాక్టరుతోనే చెప్పండి. "మా ఆయన మాట్లాడడం లేదు, తినడం లేదు" అంటే చాలు. కుంగుబాటుకు మాటలతో చేసే వైద్యం ఉంది. మందులు ఉన్నాయి. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు పడే మందులు వేరు, పడనివి వేరు. నెత్తురు పలచబడే మాత్రలు వాడుతుంటే అది కూడా చెప్పాలి. పక్కింటివాళ్ళ మాత్రలు తెచ్చి మింగొద్దు. బాగుందని మధ్యలో మానొద్దు.

ఈ వైద్యంతో గుండెపోటు చావులు తగ్గుతాయా? అమెరికాలో 2,481 మందితో ఒక పెద్ద పరిశోధన చేశారు. 2003లో ఫలితం వచ్చింది. దిగులు తగ్గింది. చావులు మాత్రం తగ్గలేదు. అట్లాగని వైద్యం దండగ అనుకోవద్దు. దిగులు తగ్గిన మనిషి అన్నం తింటాడు. మనవడితో మాట్లాడతాడు. మాత్రలు గుర్తుపెట్టుకుంటాడు. డాక్టరు చెప్పినంత దూరం రోజూ నడిస్తే మనసుకూ గుండెకూ రెండింటికీ మేలు.

ఒక జాగ్రత్త. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే "దిగులు వల్లేలే" అని కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మనసు బాధ చెప్పుకోవడానికి టెలీ మానస్ అనే ఫోన్ ఉంది. 2022లో ప్రభుత్వం పెట్టింది. డబ్బు కట్టనక్కరలేదు. రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు. "చచ్చిపోతే బాగుండు" అని ఎవరైనా అంటే వాళ్ళను ఒంటరిగా వదలొద్దు. పక్కన కూర్చుని ఈ నంబరు కలిపి ఇవ్వండి.

నంబరు పైకి చదవండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఇప్పుడు అంకెల్లో చూసి పలక మీద రాయండి: 14416. ఇంటికి వెళ్ళి తలుపు వెనక సుద్దముక్కతో మళ్ళీ రాయండి.