ఐర్లండు డ్రైనేజి బోర్డులు: వాని పని నడుగువారెవరు?

సహకారోద్యమమును గూర్చి చదివిన మన సభ్యులకు ఐర్లండు పేరు క్రొత్త కాదు. 1889లో డ్రొమ్‌కొలొహర్ గ్రామమున వెన్నతీయు సహకార సంఘమొకటి ఏర్పడుటయు, 1894లో హొరేసు ప్లంకెట్టుగారు అట్టి సంఘములనన్నిటిని ఒక్కచోట చేర్చుటకై ఒక సంస్థను నెలకొల్పుటయు పలువురు వినియే యుందురు. ఆ దేశమున మురుగు తీయుటకై నడిచిన స్థానిక బోర్డుల సంగతి మాత్రము ఇచ్చట అంతగా తెలియదు. ఈ నెల దానిని వ్రాయుచున్నాము.

ఐర్లండు నడుమ పల్లము, అంచుల కొండలు. ఇంచుమించు పళ్ళెము వంటిది. వానలు ఏడాది పొడుగునను కురియును. నదులకు వాలు తక్కువ. నీరు నిలిచిన పొలమున గడ్డి పాడగును, పైరు కుళ్ళును. డెల్టా రైతులకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

1842 నాటి చట్టము ననుసరించి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు కమీషనర్లు నదులను లోతుచేయించి, పని ముగిసిన పిమ్మట దాని పోషణమును స్థానిక ధర్మకర్తలకు అప్పగించిరి. 1863 నాటి చట్టము మఱియొక అడుగు ముందునకు వేసినది. భూస్వాములే కూడి బోర్డు నెన్నుకొని, కమీషనర్లవద్ద అప్పు తెచ్చి, పని చేయించుకొని, బాగుపడిన భూములపై పన్ను వేసికొని ఆ అప్పు తీర్చుకొనవచ్చును. పైకి చూడ నింతకన్న మంచి యేర్పాటు వేఱొకటి లేదు. లాభము పొందువాడే ఖర్చు భరించును, ఖర్చు భరించువాడే పెత్తనము చేయును.

చిక్కు అచ్చటనే కలదు. బోర్డులో కూర్చుండువాడును పన్ను చెల్లించువాడే. ఈ యేడు పూడిక తీయింపకున్నచో పన్ను తగ్గును, అందఱును సంతోషింతురు. ఆ సంవత్సరము నష్టమేమియు కనబడదు. మఱుసటి యేడు నాచు పెరుగును, ఆ పైయేడు గట్టు జాఱి కాలువలో పడును. లెక్కల పుస్తకము మాత్రము శుభ్రముగనే యుండును: వచ్చినదింత, పోయినదింత, నిలువ యింత. లెక్కలు తనిఖీ చేయువాడు అంకెలను చూచును గాని ఒండ్రును చూడడు. మా యెఱిగినంతలో ఏ సంఘమునకైనను ఇంతకంటె మోసకరమైన ఆరోగ్యము వేఱొకటి లేదు.

దీనికి మందుగా 1866లో డ్రైనేజి పోషణ చట్టము వచ్చినది. ధర్మకర్తలు కాలువలను నిర్లక్ష్యము చేసినచో కమీషనర్లే మరమ్మతు చేయించి, ఆ ఖర్చును ఆ ప్రాంతమునుండియే రాబట్టవచ్చును. అధికారము గట్టిదే. అయితే అది పాడైన తరువాత కదలు అధికారము. ఏటేట కొద్దిగా చెల్లింపవలసిన దానిని ఒక్కసారిగ చెల్లింపవలసివచ్చును. ఎప్పటికప్పుడు పన్ను కట్టినవాడును ఎగవేసినవాడును ఆ బరువును కలిసియే మోయుదురు.

ఇంతలో భూమి చేతులు మాఱినది. 1903 నాటి చట్టము వలన కౌలుదార్లు వేలకొలది తమ కమతములను కొనుక్కొనిరి. కొలదిమంది జమీందార్లున్న బోర్డుల వెనుక ఇప్పుడు లెక్కలేనన్ని చిన్న కమతములు. పన్ను వసూలు కష్టమయ్యెను. కొన్ని బోర్డులు పేరునకే మిగిలెను. స్వతంత్ర ప్రభుత్వ మేర్పడిన పిదప పాడైన పనులను బాగుచేయించుటకు 1924లో నొక చట్టమును, క్రొత్త పనులకై 1925లో నొక చట్టమును చేసిరి. కౌంటీ కౌన్సిళ్లకు, అనగా మన జిల్లా పరిషత్తుల వంటివానికి, పోషణభారము క్రమముగా చేరినది.

మఱియొక లోపము ఏ తనిఖీకిని దొరకనిది. బోర్డునకు ఎల్ల కలదు, నదికి ఎల్ల లేదు. పైబోర్డు కాలువను లోతుచేసినచో నీరు వడిగా పోయి క్రిందివారి పొలములను ముంచును. క్రిందిబోర్డు తన కాలువను పూడనిచ్చినచో పైవాని కష్టమంతయు వృథా. ఒకరి తప్పునకు మఱియొకరు ఎవరి నడుగవలెను? 1938లో నియమితమై 1940లో నివేదిక నిచ్చిన డ్రైనేజి కమీషను, నదీపరీవాహమునంతను ఒకే కేంద్రసంస్థ చూడవలెనని చెప్పినది. 1945 నాటి చట్టము ఆ పనిని పబ్లిక్ వర్క్సు కమీషనర్లకు అప్పగించుటయే గాక, తాము చేసిన పనులను మంచి స్థితిలో నుంచుట వారి విధియని శాసించినది. ఆ చట్టము క్రింద మొదటి పని 1948లో బ్రోస్నా నదిపై ఆరంభమయ్యెను.

ఈ మార్పు వలన రైతునకు పోయినదియు కలదు. ఒకప్పుడు బోర్డు సభ్యుడు ప్రక్కయూరివాడు. సంతలో పట్టుకొని అడుగవచ్చును. కమీషనర్లకు వ్రాయవలయును. సాల్మన్ చేపలు గ్రుడ్లు పెట్టు గులక నేలలు త్రవ్వకముల వలన చెడినవని జాలరుల ఫిర్యాదును కలదు; అదియు త్రోసివేయదగినది కాదు.

పాత డ్రైనేజి జిల్లాలు మాత్రము నేటికిని పోలేదు. అట్టివి 170, వాని కాలువల పొడవు సుమారు 4,600 కిలోమీటర్లు. వీని పోషణము చట్టరీత్యా స్థానిక కౌన్సిళ్లదే. కనుక అచ్చటి కాలువ పూడినప్పుడు రైతు మొదట తన కౌన్సిలు వాకిటనే నిలువవలసియున్నది.