పరిశోధకుల పత్రాల జాబితాను చదవడం ఎలా?

హాస్టల్లో చదువుకునే మనలో చాలామందికి సైన్సు అంటే పరీక్ష, ఆ తర్వాత ఉద్యోగం. ఈ రెండింటి మధ్య పరిశోధన అనే దారి ఒకటుందని చెప్పేవారు తక్కువ. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఒక చిన్న పాఠం రాస్తున్నాం. ఒక శాస్త్రవేత్త జీవితకాలంలో ఏం చేశారో వారి పత్రాల జాబితా చూసి తెలుసుకోవడమే ఆ పాఠం. పెట్రోలియం శుద్ధి, ఉత్ప్రేరకాల రంగాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

ముందుగా విషయం. పొటాషియం క్లోరేటుకు మాంగనీసు డయాక్సైడు కలిపి వేడి చేస్తే ఆక్సిజన్ త్వరగా వస్తుందని మనం చదువుకున్నాం. తాను ఖర్చు కాకుండా చర్య వేగాన్ని పెంచే ఇటువంటి పదార్థమే ఉత్ప్రేరకం. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై, నేడు హెచ్.పి.సి.ఎల్. నడుపుతున్న విశాఖ రిఫైనరీ వంటి చోట్ల ముడిచమురును మరిగించి భాగాలుగా విడదీస్తారు. బరువైన భాగంలోని పెద్ద అణువులను జియోలైట్ ఉన్న ఉత్ప్రేరకం విరగ్గొట్టి పెట్రోలుకు పనికొచ్చే చిన్న అణువులుగా మారుస్తుంది. కొన్ని క్షణాల్లోనే దానిపై బొగ్గు పేరుకుంటుంది. ఆ బొగ్గును వేరే పాత్రలో కాల్చివేసి, ఉత్ప్రేరకాన్ని మళ్ళీ పనిలో పెడతారు.

డీజిల్ నుంచి గంధకాన్ని తీయడానికి మరో ఉత్ప్రేరకం కావాలి. అల్యూమినా మీద కోబాల్ట్, మాలిబ్డినం ఉంచి హైడ్రోజన్ పంపితే గంధకం హైడ్రోజన్ సల్ఫైడుగా బయటికి వస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వచ్చిన బీఎస్-6 ఇంధనంలో పది లక్షల పాళ్ళకు గంధకం 10 పాళ్ళు మించరాదు. బీఎస్-4లో అది 50. బార్కస్ నుంచి చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటి కాలేజీకి వెళ్ళే మనకు ఇది దూరపు విషయం కాదు.

ఇప్పుడు జాబితా. మన నగరంలోనే తార్నాకలో ఐఐసీటీ ఉంది. 1944లో పుట్టి, 1956లో ప్రాంతీయ పరిశోధనాలయంగా మారి, 1989లో ఇప్పటి పేరు పొందింది. అక్కడి బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం, మరో ముగ్గురు కలిసి రాసిన పత్రం జాబితాలో ఇలా కనిపిస్తుంది: జర్నల్ ఆఫ్ ది అమెరికన్ కెమికల్ సొసైటీ, 2002, 124, 14127. ఇందులో 2002 సంవత్సరం, 124 సంపుటం, చివరిది పుట. ఏడాదికో సంపుటం చొప్పున లెక్క వేస్తే ఆ పత్రిక 1879లో మొదలైందని తెలుస్తుంది.

శీర్షికలోని ప్రతి మాటా పని చెబుతుంది. పల్లాడియం ఖరీదైన లోహం. ద్రవంలో కరిగితే తిరిగి రాబట్టడం కష్టం. వీరు దాన్ని నానో కణాలుగా, పొరలు పొరలుగా ఉండే మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడు మీద నిలిపారు. చవకైనా మొండిగా ఉండే క్లోరిన్ సమ్మేళనాలతో చర్య జరిపించారు. చర్య అయ్యాక వడకట్టి మళ్ళీ వాడారు. ఘనరూప ఉత్ప్రేరకాన్ని తిరిగి వాడాలన్న రిఫైనరీ సూత్రమే ఇక్కడా ఉంది.

జాబితా చదివేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, పేర్ల వరుస చూసి కష్టాన్ని కొలవకూడదు. చాలా పత్రాల్లో మొదటి పేరు ప్రయోగం చేసిన విద్యార్థిది, చుక్క గుర్తు ఉన్న పేరు మార్గదర్శిది. పై పత్రంలో మాత్రం బృందానికి పెద్ద అయిన చౌదరి గారి పేరే ముందుంది. రెండు, పత్రాల సంఖ్య కంటే ఒకే ప్రశ్నను ఎన్నేళ్ళు వెంబడించారన్నది ముఖ్యం. మూడు, ఇతరులు ఆ పనిని ఎంత వాడుకున్నారో చూడాలి.

లక్ష్మీకాంతం గారు తర్వాత ఐఐసీటీకి డైరెక్టర్ అయిన తొలి మహిళ. ఆ దారి మనకూ మూసి లేదు. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీకి నెలనెలా ఫెలోషిప్ ఇస్తారు. 2023 జనవరి నుంచి అది 37,000 రూపాయలు. ఎస్సీ విద్యార్థులకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ జాతీయ ఫెలోషిప్ వేరుగా ఉంది. ఇంటికి డబ్బు పంపాల్సి వస్తుందని చదువు ఆపేసే తమ్ముళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఈ సెలవుల్లో ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన ఒక శాస్త్రవేత్త జాబితా నుంచి మూడు శీర్షికలు ఎంచుకుని, వాటి అర్థం తెలుగులో రాసి నోటీసు బోర్డుకు అంటించండి. అర్థం కానిచోట సీనియర్లను అడగండి. మేమంతా మీకు అండగా ఉంటాం.