సంధికి సాక్షులు కావాలి

మన పల్లెల్లో గట్టు తగాదా తీరినప్పుడు ఇద్దరూ చేతులు కలిపినంత మాత్రాన సరిపోదు. పెద్దమనుషులను కూర్చోబెట్టి, కాగితం వ్రాయించి, సాక్షి సంతకాలు పెట్టిస్తారు. రేపు ఒకరు మాట తప్పితే "నీవు ఒప్పుకొన్నావు, మేము విన్నాము" అనేవారు ఉండాలి గదా! యాకోబు, లాబాను సంధి చేసుకొన్నప్పుడు రాళ్లకుప్పను సాక్షిగా నిలిపారని ఆదికాండము 31వ అధ్యాయం చెబుతుంది. దేశాల సంధులకూ ఇదే నియమం.

ఆఫ్రికాలోని మొజాంబిక్‌ను చూడండి. అక్కడ ప్రభుత్వానికీ, రెనామో తిరుగుబాటుదారులకూ మధ్య 16 ఏళ్ల యుద్ధంలో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. 1990 జూలైలో రోము నగరంలో చర్చలు మొదలయ్యాయి. సంత్ ఎజీడియో అనే కతోలిక విశ్వాసుల సంఘం ఇరుపక్షాలకు చోటిచ్చింది. బేయిరా అగ్రపీఠాధిపతి జైమె గొన్సాల్వెస్ మధ్యవర్తులలో ఒకరు.

ఈ మధ్యవర్తులకు సైన్యం లేదు, ధనం లేదు. ఇరుపక్షాల నమ్మకం మాత్రమే ఉంది. అది సంతకం వరకు నడిపిస్తుంది గాని, సంతకం తరువాత కాపాడలేదు. అందుచేత ఇటలీ ప్రభుత్వాన్ని కలుపుకొన్నారు. అమెరికా, పోర్చుగల్, ఫ్రాన్సు, బ్రిటన్, ఐక్యరాజ్య సమితి పరిశీలకులుగా వచ్చాయి. 1992 అక్టోబరు 4న ఒప్పందం కుదిరింది. డిసెంబరు 16న భద్రతా మండలి శాంతి దళాన్ని ఆమోదించింది. ఆ దళంలో మన భారత సైనికులు కూడ పనిచేశారు.

లోకం మద్దతు చేసిన మేలు మూడు విధాలు. ఎవరు మాట తప్పారో చూచే కన్ను దొరికింది. ఆయుధం దించినవాని ప్రాణానికి హామీ దొరికింది. తిరుగుబాటుదారులు రాజకీయ పార్టీగా మారడానికి ధనసహాయం దొరికింది. 1994 అక్టోబరులో ఎన్నికలు జరిగాయి. పొరుగు దేశాలలో తలదాచుకొన్న సుమారు 17 లక్షల మంది ఇళ్లకు తిరిగి వచ్చారు. అయినా 2013లో మరల కాల్పులు మొదలై, 2019లో ఇంకొక ఒప్పందం అవసరమైంది. సాక్ష్యం ఒక్కనాటి పని కాదు.

ఇప్పుడు మన రాష్ట్ర అనుభవం. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వం, నక్సలైట్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఎస్.ఆర్. శంకరన్ గారు, పౌర స్పందన వేదిక పెద్దలు ఎంతో శ్రమపడి ఆ బల్ల వరకు తెచ్చారు. కాని ఆయుధాల ప్రశ్న తెగలేదు. ఉల్లంఘన ఎవరిదో తేల్చి, ఇరువురిచేత ఒప్పించగల సాక్షి లేకపోయాడు. 2005 జనవరిలో చర్చలు ముగిసిపోయాయి. ఇది దేశంలోపలి వ్యవహారం. ఐక్యరాజ్య సమితి రావాలని కాదు. ఇరుపక్షాలూ తలవంచే సాక్షి కావాలని మాత్రమే.

శాంతి చెడితే మూల్యం చెల్లించేది బల్ల దగ్గర కూర్చున్నవారు కాదు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ నుండి మూటాముల్లెతో మన దుమ్ముగూడెం, భద్రాచలం అడవుల వైపు వచ్చిన గొత్తికోయ కుటుంబాలను అడగండి.

ఆలోచించండి: మీ ఊరి తగాదాలో మీరు ఎవరి పక్షం? లేక ఇరుపక్షాలూ నమ్మే సాక్షియా?