వెన్నుపాముపై కిరణముల ప్రభావము

1895వ సంవత్సరమున జర్మనీ దేశమందు రాంట్జెన్ పండితుడు ఎక్స్-కిరణములను కనుగొనెను. ఇవి యెముకలను చూపుటయేగాక రాచపుండును గూడ నశింపజేయగలవని పిమ్మట తెలియవచ్చెను. అయితే రోగమును దహించు కిరణము తన దారిలోని మంచి యంగములను గూడ తాకును. వానిలో వైద్యులు మిక్కిలి జాగ్రత్తతో కాపాడునది వెన్నుపాము.

వెన్నుపాము మెదడునుండి వెన్నెముకలోపల దిగివచ్చు నాడీతంతువుల మోపు. విద్యుత్తు తీగకు రబ్బరు తొడుగున్నట్లు పెక్కు తంతువులకు మయిలిను అను క్రొవ్వు పొర కలదు. ఆ పొరను అల్లు కణములను, వానిని పోషించు సన్నని రక్తనాళములను కిరణములు దెబ్బతీయును.

విశేషమేమనగా, ఈ హాని వెంటనే కానరాదు. నెదర్లాండ్సు దేశమున వాన్ డెర్ కోగెల్ అను శాస్త్రజ్ఞుడు 1970వ దశాబ్దిలో ఎలుకలపై దీనిని పరిశోధించెను. అధికమోతాదు పొందిన ఎలుకలు కొన్ని నెలలవరకు మామూలుగనే తిరుగాడును. పిమ్మట మయిలిను పొర చెడి, కాళ్లు పట్టుదప్పును. మోతాదు కొంత తగ్గినచో, రక్తనాళముల చెరుపు మరింత ఆలస్యముగ బయటపడును. ఈ కణములు మిగుల నెమ్మదిగ మారుచుండుటయే యీ జాగునకు ఒక కారణము.

మరి ఆ గాయము ఎన్నటికిని మానదా? అమెరికాలోని హ్యూస్టను నగరమున ఆంగ్ వైద్యుడును ఆయన సహచరులును రీసస్ కోతులపై దీనిని పరీక్షించి, 2001లో ఫలితములను ప్రకటించిరి. కిలోగ్రాము శరీరభాగము ఒక జౌలు శక్తిని గ్రహించినచో ఆ మోతాదునకు ఒక గ్రే యని పేరు. కోతులకు మొదట 44 గ్రేలు చిన్న భాగములుగ నిచ్చి, ఒకటి, రెండు, లేక మూడేండ్ల పిమ్మట మరల కిరణముల నిచ్చిరి. వారి లెక్క ప్రకారము, తొలి హానిలో ఒక యేటికి 76, రెండేండ్లకు 85 వంతులు నూటికి మానెను; మూడేండ్లకు దాదాపు సంపూర్ణముగ మానెను.

పోయిన రాచపుండు అదే చోట తిరిగివచ్చిన రోగికి ఈ లెక్కయే ఆశ. రెండవ చికిత్స చేయవచ్చునా, ఎంత కాలమునకు, ఎంత మోతాదు అని వైద్యులు నిర్ణయించుటకు ఇది తోడ్పడుచున్నది. అయినను తొలి మోతాదు హద్దుమీరినచో ఈ మరమ్మతును నమ్మరాదు. సాధారణముగ, రోజునకు రెండు గ్రేల చొప్పున నిచ్చునపుడు, వెన్నుపామునకు 45 మొదలు 50 గ్రేల లోపుననే నిలుపుదురు.

విద్యార్థులారా! బాధ కనబడనంత మాత్రమున హాని జరుగలేదని తలంపరాదు. ఈ సత్యమును మనకు నేర్పినవి నోరులేని ప్రాణులు. వానియెడల మనము కృతజ్ఞులమై యుండవలెను.